పన్ను మీద పడ్డ రోజులు: ఎనామెల్ గీతలు లెక్కపెట్టి వయసు తేల్చడం

సంతలో ఎద్దును బేరమాడేవాడు ముందు దాని నోరు తెరిచి చూస్తాడు. రెండు పళ్ళు వేసిందా, నాలుగా, కడపళ్ళు కూడా వచ్చేశాయా అని చూసి వయసు చెప్పేస్తాడు. పిల్లల వయసు తేల్చాల్సి వచ్చినప్పుడు ఆస్పత్రిలో మొదట చూసేదీ దాదాపు అదే. ఏ పన్ను చిగురు దాటి వచ్చింది, ఏది ఇంకా దవడలోనే ఉంది అని. ఆ చూపు పనికొచ్చేదే గానీ, మనుషుల్లో ఏడాది అటూ ఇటూ సులువుగా తప్పుతుంది. పాలపన్ను పుచ్చిపోయి ముందే ఊడినా, దవడలో చోటు చాలకపోయినా, తిండి సరిగా లేకపోయినా పన్ను బయటికొచ్చే వేళ మారిపోతుంది. పన్ను లోపల తయారయ్యే వరస మాత్రం అంత సులువుగా చెదరదు. ఆ తయారీలో ఏ రోజు పని ఆ రోజు గీతగా మిగిలిపోతుంది. ఆ గీతల గురించే ఈ పోస్టు.

తిరుపతిలో ఫోరెన్సిక్ మెడిసిన్ పీజీలు, ఎస్వీ యూనివర్సిటీలో ఆంత్రోపాలజీ చదివేవాళ్ళు, డెంటల్ కాలేజీలో ఓరల్ పాథాలజీ వైపు ఉన్నవాళ్ళు దీన్ని పుస్తకంలో ఒక పేరాగ్రాఫ్‌గా చదివి ఉంటారు. చేత్తో చేసేటప్పుడు ఎక్కడ చెడుతుందో ఆ పేరాగ్రాఫ్‌లో ఉండదు. అందుకే ఇక్కడ చెడే చోట్ల మీదే ఎక్కువ రాస్తున్నాను.

ముందు గీతల సంగతి. పన్ను పైనున్న గట్టి తెల్లటి పొర ఎనామెల్, దాని కింద ఉండేది డెంటిన్. ఎనామెల్‌ను తయారుచేసే కణాలు అమెలోబ్లాస్టులు. ఇవి డెంటిన్ అంచు దగ్గర బయల్దేరి, వెనక ఒక్కో సన్నటి ఎనామెల్ కడ్డీని, అంటే రాడ్‌ను వదులుతూ పన్ను పైపొర వైపు నడుస్తాయి. రాడ్ మందం సుమారు 5 మైక్రాన్లు (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు). కణం పగలూ రాత్రీ ఒకే వేగంతో పనిచేయదు. ఇరవై నాలుగు గంటలకోసారి వేగం తగ్గి మళ్ళీ పెరుగుతుంది. ఆ తగ్గినచోట రాడ్ మీద ఒక అడ్డగీత పడుతుంది. రెండు అడ్డగీతల మధ్య దూరమే ఒక రోజు పని. డెంటిన్ దగ్గర అది రెండున్నర, మూడు మైక్రాన్లు ఉంటుంది, మధ్యలో నాలుగు దాకా, పైపొర దగ్గరికొచ్చేసరికి ఐదు, ఆరు.

ఈ రోజు గీతల మీద ఇంకో లయ ఉంది. కొన్ని రోజులకోసారి అమెలోబ్లాస్టుల వరస మొత్తం ఒకేసారి కాస్త తడబడుతుంది. అప్పుడు ఎనామెల్‌లో ఏటవాలుగా, ముదురు గోధుమరంగులో ఒక పొడుగు గీత పడుతుంది. స్వీడన్‌కు చెందిన ఆండర్స్ రెట్జియస్ 1837లో వీటిని వర్ణించాడు, అందుకే రెట్జియస్ గీతలంటారు. రెండు రెట్జియస్ గీతల మధ్య మనుషుల్లో 6 నుంచి 12 రోజులుంటాయి, ఎక్కువమందిలో 8 లేదా 9. ఒక మనిషి శాశ్వత దంతాలన్నిటిలోనూ ఈ అంకె ఒకటే. ఒకరికి 8 అయితే ముందుపన్నులోనూ 8, దవడపన్నులోనూ 8. లెక్క మొత్తం ఈ నియమం మీదే నిలబడుతుంది. ఎలుకలో ఈ అంకె 1, మకాక్ జాతి కోతుల్లో 4 ప్రాంతంలో ఉంటుంది. ఒంటి పరిమాణం పెరిగేకొద్దీ ఇదీ పెరగడం ప్రైమేట్లలో స్థూలంగా కనిపిస్తుంది.

రెట్జియస్ గీత పన్ను పక్క గోడల్లో పైపొర దాకా వచ్చి, అక్కడ ఒక సన్నటి గాడిలా తేలుతుంది. ఆ గాళ్ళే పెరికైమాటా. కొబ్బరిచెట్టు మాను మీద రాలిన మట్టల గుర్తులు ఒకదాని పైన ఒకటి చుట్లు చుట్లుగా ఉంటాయే, ముందుపన్నును ఏటవాలు వెలుతురులో భూతద్దంతో చూస్తే అచ్చం అలాగే ఉంటాయి. కొరికే అంచు వైపు ఎడంగా, చిగురు వైపు దగ్గరదగ్గరగా. అయితే పన్ను కొన భాగంలో తొలి నెలల్లో పడ్డ గీతలు పైకి రావు. ఒకదాని మీద ఒకటి గిన్నెలు బోర్లించినట్టు లోపలే ఉండిపోతాయి. పైనుంచి గాళ్ళు మాత్రమే లెక్కపెట్టి వయసు చెప్పేవాళ్ళు మొదట తప్పేది ఇక్కడే. ఈ దాగిన నెలలను విడిగా కలుపుకోవాలి.

ఇక మూడో గీత. దీన్ని పట్టుకోకపోతే మిగతా లెక్కకు మొదలు దొరకదు. బిడ్డ పుట్టినప్పుడు ఒంట్లో జరిగే మార్పుల వల్ల అప్పుడు తయారవుతున్న ఎనామెల్‌లో ఒక గట్టి గీత పడుతుంది. పుస్తకాల్లో నియోనేటల్ లైన్ అంటారు, ఇక్కడ పుట్టుకగీత అందాం. పాలపళ్ళన్నిటిలోనూ ఉంటుంది. శాశ్వత దంతాల్లో మొదటి దవడపన్ను ఒక్కదానిలోనే, అదీ ఎక్కువగా ముందువైపు బుగ్గ పక్కనున్న కొనలో కనిపిస్తుంది. ఆ పన్ను ఎనామెల్ పుట్టడానికి కాస్త ముందు మొదలవుతుంది కాబట్టి గీత డెంటిన్ కొమ్ముకు (కొన కింద పొడుచుకొచ్చిన డెంటిన్ మొనకు) చాలా దగ్గరగా, కొన్ని పదుల మైక్రాన్ల దూరంలోనే ఉంటుంది. గీతకు లోపలివైపు ఎనామెల్ నునుపుగా, తేటగా ఉంటుంది. అది కడుపులో పడ్డది. బయటివైపు ఎనామెల్ కాస్త గరుకుగా, గీతలతో నిండి ఉంటుంది. రెండు పక్కలా ఆ తేడా కనిపిస్తేనే అది పుట్టుకగీత. తేడా లేకుండా ఒట్టి ముదురు గీత మాత్రమే కనిపిస్తే అది తొలి నెలల్లో వచ్చిన జ్వరానిదో, విరేచనాలదో కావచ్చు.

మన ఇళ్ళల్లో ఊడిన పాలపన్నును పేడలో పెట్టి మిద్దె మీదకి విసురుతారు. ఆ పన్ను కొనలో బిడ్డ పుట్టిన రోజు గీత ఉంటుంది. ఒకటైనా కడిగి, నీడన ఆరబెట్టి, పొడి కాగితంలో చుట్టి దాచిపెట్టండి. తిరుమల కల్యాణకట్టలో ఇచ్చిన జుట్టు మళ్ళీ పెరుగుతుంది, ఎనామెల్ మళ్ళీ పెరగదు. దాన్ని తయారుచేసిన కణాలు పన్ను బయటికొచ్చేసరికే పోతాయి. గీతలు చెరగకుండా ఉండేదీ అందుకే.

ఇప్పుడు పని. పన్నును కోయకముందు ఫొటోలు, ఎక్స్-రే, సిలికాన్ అచ్చు తప్పనిసరి. ఒకసారి కోస్తే ఆకారం పోతుంది, కేసులో అదే సాక్ష్యం కూడా. అచ్చు తీసిన సిలికాన్‌లో ఎపాక్సీ అనే గట్టిపడే జిగురు పోస్తే పన్ను నకలు వస్తుంది, గాళ్ళు అందులో స్పష్టంగా దిగుతాయి. పెరికైమాటా వరకూ ఆ నకలు మీదే లెక్కపెట్టుకోవచ్చు.

నిల్వ దగ్గరే చాలా పళ్ళు పాడైపోతాయి. మామూలు ఫార్మలిన్ రోజులు గడిచేకొద్దీ ఆమ్లంగా మారుతుంది. అందులో నెలలపాటు పడి ఉన్న పన్ను పైపొర తెల్లబారి, గాళ్ళు కరిగిపోయి ఉంటాయి. బఫర్ కలిపిన 10 శాతం ఫార్మలిన్ వాడాలి, లేదా కడిగి పొడిగా ఉంచాలి. ఇంకో తప్పు, ఎముకను చేసినట్టు పన్నును డీకాల్సిఫై చేయడం, అంటే ఆమ్లంతో ఖనిజం తీసేయడం. ఎనామెల్‌లో 96 శాతం ఖనిజమే. ఆమ్లంలో పెడితే డెంటిన్ మెత్తబడి మిగులుతుంది, ఎనామెల్ ఉన్నచోట ఖాళీ మిగులుతుంది. మామూలు ల్యాబులో ఈ పనికి గ్రౌండ్ సెక్షన్, అంటే పన్నును కోసి పల్చగా అరగదీసిన పలక తప్ప వేరే దారి లేదు.

మట్టిలోంచి తీసిన పన్నయితే కోసే ముందు ఎపాక్సీలో పొదగాలి. పూర్తిగా ఎండిన పన్నులో డెంటిన్ కుంచించుకుపోయి ఎనామెల్ నుంచి విడివడి ఉంటుంది. అలాగే రంపం కింద పెడితే ఎనామెల్ పెంకులా ఊడి ముక్కలవుతుంది. సెల్ఫ్ క్యూర్ అక్రిలిక్ వాడొద్దు. గట్టిపడేటప్పుడు వేడెక్కుతుంది, కుంచించుకుంటుంది. నెమ్మదిగా గట్టిపడే ఎపాక్సీ పోసి, వీలైతే వాక్యూమ్‌లో గాలిబుడగలు తీసి, ఒక రోజంతా వదిలేయాలి. తిరుపతి ఎండాకాలంలో గది నలభై డిగ్రీలకు చేరితే ఎపాక్సీ అనుకున్నదానికంటే త్వరగా గట్టిపడి బుడగలు లోపలే ఇరుక్కుంటాయి. ఏప్రిల్, మే నెలల్లో ఈ పని పొద్దున్నే పెట్టుకోవడం మేలు.

కోత గురించి నిదానంగా చెప్పాలి, ఎందుకంటే లెక్కలో వచ్చే పెద్ద తప్పులు ఎక్కువగా ఇక్కడే పుడతాయి. రంపం బుగ్గ వైపు నుంచి నాలుక వైపుకు, కొన మొనలోంచి, దాని కిందున్న డెంటిన్ కొమ్ము మొనలోంచి సరిగ్గా వెళ్ళాలి. పైన కొన మీద పెన్సిల్‌తో గీత గీసుకుని, ఆ గీతకు సగం మిల్లీమీటరు పక్కన మొదటి కోత పెట్టి, అక్కడినుంచి అరగదీస్తూ కొమ్ము మొనకు చేరడం మంచి పద్ధతి. తక్కువ వేగంతో తిరిగే డైమండ్ రంపం ఉంటే నీళ్ళు పడుతుండగా 250 నుంచి 300 మైక్రాన్ల పలక కోయొచ్చు. అది లేనిచోట మైక్రోమోటర్‌కు పల్చటి డైమండ్ డిస్క్ బిగించి మిల్లీమీటరు మందంగా కోసి, తర్వాత ఓపిగ్గా అరగదీయాలి. సరైన చోట కోశామా లేదా అన్నది డెంటిన్ కొమ్మే చెబుతుంది. మొన సూదిలా ఉండి, ఎనామెల్ డెంటిన్ కలిసే గీత కత్తి అంచులా పదునుగా కనిపిస్తే కోత సరిగా పడినట్టు. మొన గుండ్రంగా, ఆ గీత మసకగా వెడల్పుగా ఉంటే కోత పక్కకు పోయినట్టు.

పక్కకు పోతే ఏమవుతుంది? కోత 30 డిగ్రీలు వాలిందనుకోండి. వెయ్యి మైక్రాన్ల మందం 1,155 మైక్రాన్లుగా కనిపిస్తుంది. పుస్తకంలో రోజుకు 4 మైక్రాన్లని ఉంది కదా అని భాగిస్తే 250 రోజులు రావాల్సిన చోట 289 వస్తాయి. ఒక్క కొనలోనే నెల పైన తప్పు. అందుకే పుస్తకంలోని సగటు వేగంతో భాగించొద్దని పదేపదే చెప్పాల్సి వస్తుంది. వేగాన్ని ఆ సెక్షన్‌లోనే, ఆ చోటనే కొలవాలి.

అరగదీయడానికి ఖరీదైన సామాను అక్కర్లేదు. పెయింటర్లు వాడే వాటర్ పేపర్ చాలు. 400తో మొదలుపెట్టి 600, 800, 1200 వరకు పోవాలి. మందంపాటి గాజుపలక మీద పేపర్ పరిచి, నీళ్ళు పోసి, పలకను రెండు వేళ్ళతో ఎనిమిది అంకె గీసినట్టు తిప్పాలి. ఒకే దిక్కుకు రుద్దితే ఒక అంచు పల్చబడి, ఇంకో అంచు మందంగా మిగులుతుంది. ఒక వైపు నునుపయ్యాక ఆ వైపును స్లైడుకు ఎపాక్సీతో అతికించి రెండో వైపు మొదలుపెట్టాలి. పేపర్ నంబరు మార్చిన ప్రతిసారీ సెక్షన్‌నీ చేతుల్నీ గాజుపలకనీ కడగాలి. 400 గరుకు రేణువు ఒక్కటి 1200 పేపర్ మీదకి వచ్చినా పొడుగు గీతలు పడతాయి, అవి మైక్రోస్కోపులో రెట్జియస్ గీతల్లా కవ్విస్తాయి. వాటిని గుర్తుపట్టడం తేలికే. రుద్దుడు గీత ఎనామెల్ దాటి డెంటిన్‌లోకి కూడా నేరుగా పోతుంది, రెట్జియస్ గీత డెంటిన్ అంచు దగ్గర ఆగిపోతుంది.

మందం ఎంత ఉండాలన్నదానికి నా సలహా 80 నుంచి 100 మైక్రాన్లు. డెంటల్ కాలేజీలో హిస్టాలజీ స్లైడుకు చెప్పే 30, 40 మైక్రాన్ల దాకా తీసుకెళ్తే చిత్రం అందంగా ఉంటుంది గానీ కొన దగ్గర ఎనామెల్ చిట్లిపోతుంది, రాడ్ కూడా మెలికలు తిరిగి కాసేపటికే తలం నుంచి జారిపోతుంది. 150 దాటితే గీతల మీద గీతలు పడి మసకవుతుంది. మందం కొలవడానికి స్క్రూగేజి చాలు. స్లైడు మందం ముందే రాసిపెట్టుకుని తీసేయడమే. అతికించిన జిగురుకూ కొంత మందం ఉంటుందని మరవొద్దు.

చివర 0.3 మైక్రాన్ అల్యూమినా పొడితో మెరుగు, అల్ట్రాసోనిక్ నీళ్ళలో కొన్ని నిమిషాలు, తర్వాత 70, 90, 100 శాతం ఆల్కహాల్, జైలీన్, డీపీఎక్స్ (స్లైడు మీద అతికించే జిగురు), కవర్ స్లిప్. కడగడానికి బోరు నీళ్ళు వాడితే ఆరాక ఉప్పు తెల్లగా పేరుకుంటుంది, డిస్టిల్డ్ వాటర్ వాడండి. గీతలు మరీ తేలకపోతే బాగా పలచన చేసిన ఫాస్ఫారిక్ ఆమ్లంతో కొన్ని సెకన్లు తాకించొచ్చు. క్లినిక్‌లో వాడే 37 శాతం జెల్ నేరుగా పూయొద్దు, గీతలు తేలడం అటుంచి పైపొర తినేస్తుంది.

మైక్రోస్కోపులో మొదట స్టేజ్ మైక్రోమీటర్ పెట్టి, ఒక్కో ఆబ్జెక్టివ్‌కు ఐపీస్ గీతల విలువ విడిగా కట్టుకోవాలి. 10 ఆబ్జెక్టివ్‌తో రెట్జియస్ గీతలు, 40తో అడ్డగీతలు. కండెన్సర్ డయాఫ్రం సగం మూస్తే, ఇంకా మంచిది పోలరైజర్ పెడితే, ఒక్కసారిగా అడ్డగీతలు బయటపడతాయి. ఫోకస్ స్క్రూను పావువంతు తిప్పి చూడండి. రాడ్ మీద ముత్యాల సరంలా ఉబ్బూ నొక్కూ, ఉబ్బూ నొక్కూ కనిపిస్తుంది. ఒక నొక్కు నుంచి ఇంకో నొక్కుకు ఒక రోజు.

లెక్కను రెండు ముక్కలుగా చేయాలి. ముందు మొదటి దవడపన్ను కొన భాగం. పుట్టుకగీత మీద మొదలై, ఒక రాడ్ వెంట బయటికి అడ్డగీతలు లెక్కిస్తూ పోవాలి. కొన దగ్గర రాడ్లు జడలా అల్లుకుని ఉంటాయి, ఒకే రాడ్‌ను పైపొర దాకా పట్టుకోవడం కుదరదు. కుదరనప్పుడు అలన్ బాయిడ్ 1963లో చూపిన దారి పట్టాలి. చనిపోయిన పిల్లల వయసును ఎనామెల్ గీతలతో కట్టొచ్చని రాసింది ఆయనే. ఒక రాడ్ వెంట స్పష్టంగా ఉన్నంత దూరం పోయి, అక్కడ ఏదైనా ముదురు గీత పట్టుకోవాలి. ఆ గీత వెంట కిందికి దిగి డెంటిన్ అంచును చేరాలి. అక్కడినుంచి కొత్త రాడ్ పట్టుకుని మళ్ళీ బయటికి. పైకెక్కి, పక్కకు దిగి, మళ్ళీ ఎక్కినట్టు మెట్లు మెట్లుగా పోతే కొన పూర్తవుతుంది. అడ్డగీతలు మసకైన చోట పక్కనే స్పష్టంగా ఉన్న ఆరు రోజుల దూరం కొలిచి ఆరుతో భాగించండి. అది 24 మైక్రాన్లయితే రోజుకు 4. మసకైన పట్టీ 200 మైక్రాన్లుంటే 50 రోజులు. కోతతో పాటు రెండూ ఒకేలా వాలి ఉంటాయి కాబట్టి తప్పు చాలావరకు సర్దుకుంటుంది.

పక్క గోడల్లో రెట్జియస్ గీతలు లెక్కించి, ఆ మనిషి అంకెతో గుణించాలి. ఆ అంకె కోసం పైపొరకు దగ్గరగా, గీతలు తేటగా ఉన్న చోట్ల రెండు రెట్జియస్ గీతల మధ్య అడ్డగీతలు లెక్కపెట్టండి. కనీసం పది చోట్ల. ఒకచోట 7, ఇంకోచోట 9 వచ్చి మిగతా చోట్ల 8 వస్తే అంకె 8. 7, 8, 9 సమానంగా వస్తుంటే మీ సెక్షన్ పనికిరాదని అర్థం, ఇంకోటి చేయండి. ఒక్కోసారి రోజు గీతల మధ్యలో సగం రోజు గీతలు కూడా కనిపిస్తాయి. చుట్టూ 4 మైక్రాన్లు ఉండి, ఒకచోట అకస్మాత్తుగా 2 అయితే అవి అవే. వాటిని కలిపితే లెక్క రెట్టింపవుతుంది.

ఒక ఉదాహరణ కడదాం. దవడలోంచి తీసిన మొదటి దవడపన్నులో ఎనామెల్ పూర్తయింది, కోరపన్నులో ఇంకా పడుతూనే ఉండగా బిడ్డ చనిపోయింది అనుకోండి. దవడపన్ను కొనలో పుట్టుకగీత నుంచి 380 రోజులు వచ్చాయి. పక్క గోడలో 45వ రెట్జియస్ గీత మామూలుకంటే చాలా ముదురుగా ఉంది. అంకె 8. ఆ ముదురు గీత వయసు 380 కలిపి 360, అంటే 740 రోజులు. పెద్ద జబ్బు చేసినప్పుడు పడే ఈ ముదురు గీత ఆ సమయంలో తయారవుతున్న పళ్ళన్నిటిలోనూ ఒకేసారి పడుతుంది. పూత రాలిన ఏడాది బంగారుపాళ్యంలోనూ దామలచెరువులోనూ మామిడితోటలన్నిటికీ ఒకే దెబ్బ తగిలినట్టు. కోరపన్నులో అదే గీతను, దాని ముందూ వెనకా ఉన్న చిన్న గీతల వరసతో పోల్చి పట్టుకున్నారు. అక్కడినుంచి చివర పడ్డ ఎనామెల్ అంచు దాకా 118 రెట్జియస్ గీతలు. 118ని 8తో గుణిస్తే 944. మొత్తం 1,684 రోజులు, అంటే 4 ఏళ్ళ 7 నెలలు.

ఇప్పుడు ఒక్క అంకె తప్పు చేసి 8కి బదులు 9 అనుకోండి. రెండు పళ్ళలో కలిపి 163 గీతలు, గీతకో రోజు చొప్పున 163 రోజులు పెరిగి 1,847 అవుతాయి. 5 ఏళ్ళ మూడు వారాలు. ఐదు నెలల తేడా ఒక్క అంకెలో ఉంది. రోజుల తరబడి గీతలు లెక్కపెట్టి, ఆ అంకె దగ్గర రెండు చోట్ల మాత్రమే చూసి వదిలేయడం నేను ఒప్పుకోలేని పద్ధతి.

ఈ లెక్క ఎంతవరకు నిజమన్నదానికి మంచి పరీక్ష లండన్‌లో జరిగింది. స్పిటల్‌ఫీల్డ్స్‌లోని క్రైస్ట్ చర్చ్ నేలమాళిగలో శవపేటికల మీద పేరూ వయసూ రాసిన పలకలు దొరికాయి. ఆ పిల్లల పళ్ళ మీద డానియల్ ఆంత్వాన్, సైమన్ హిల్సన్, క్రిస్ డీన్ చేసిన పని 2009లో అచ్చయింది. అడ్డగీత రోజుకొకటే అన్నది పలకల మీది వయసులతో సరిపోయింది. అంతకుముందు 1985లో టిమ్ బ్రోమేజ్, డీన్ కలిసి ఆఫ్రికా శిలాజ పిల్లల పెరికైమాటా లెక్కించి, మనిషి పిల్లల కొలతతో 5, 6 ఏళ్ళనుకున్నవాళ్ళు నిజానికి 3, 4 ఏళ్ళ వాళ్ళని చూపించారు. మన పూర్వజాతుల బాల్యం మనంత పొడవు కాదని అందరూ గట్టిగా మాట్లాడడం మొదలైంది అక్కడినుంచే.

మన ప్రాంతంలో వచ్చే కొన్ని ఇబ్బందులు విడిగా చెప్పాలి. బొగ్గుపొడి, ఇటుకపొడి, బూడిదతో పళ్ళు తోమే అలవాటున్న ఇళ్ళల్లో ముందుపళ్ళ మీది గాళ్ళు చిన్న వయసులోనే అరిగిపోతాయి. చిగురు వైపు కొన్ని మిగలొచ్చు. అలాంటప్పుడు దవడలో ఇంకా బయటికి రాని పన్ను కోసం చూడండి, దాని పైపొర చెక్కుచెదరకుండా ఉంటుంది. కనిగిరి, నల్గొండ లాంటి ఫ్లోరైడ్ నీళ్ళ ప్రాంతాల్లో పెరిగిన పిల్లల పళ్ళలో పైపొర కింద ఎనామెల్ గుల్లగా ఉంటుంది. తెల్లటి చారలు గాళ్ళ వెంటే పోతాయి గానీ లోపల అడ్డగీతలు మసకబారతాయి. అక్కడ ఒకటికి మూడు సెక్షన్లు చేయాలి. చిన్నప్పుడు టెట్రాసైక్లిన్ వేసిన పిల్లల పళ్ళు అతినీలలోహిత దీపం కింద పసుప్పచ్చగా మెరిసే చారలు చూపిస్తాయి. ఆస్పత్రి చీటీలో మందు వేసిన తేదీ ఉంటే అంతకంటే గట్టి కొలమానం దొరకదు.

కాలిన శరీరాల విషయం ఇంకోటి. మంటలో బయటికొచ్చిన పళ్ళ ఎనామెల్ పగిలి డెంటిన్ నుంచి రాలిపోతుంది. దవడ ఎముక లోపల దాగిన పన్నే మిగలొచ్చు. మనవాళ్ళు చిన్నపిల్లల్ని ఎక్కువగా పూడ్చిపెడతారు కాబట్టి, ఈ లెక్క అవసరమయ్యే వయసు పిల్లల అవశేషాలు మట్టిలోంచే వస్తుంటాయి. ఆ మట్టిని జల్లెడ పట్టకుండా వదలొద్దు. సగం తయారైన పన్ను కొన గోరు ముక్కంత, బియ్యపు గింజంత ఉంటుంది. వేరు లేకపోవడంతో దవడలోంచి సులువుగా జారిపోతుంది. నిజానికి వయసు చెప్పేది ఆ చిన్న ముక్కే.

నవజాత శిశువు ప్రాణంతో పుట్టిందా లేదా అన్న కేసుల్లో పుట్టుకగీతను అడుగుతుంటారు. మామూలు మైక్రోస్కోపులో ఆ గీత కనిపించాలంటే పుట్టాక వారం, పది రోజులైనా బతికి ఉండాలి. గీత ఉంటే బిడ్డ కొన్నాళ్ళు బతికిందని చెప్పొచ్చు. లేకపోతే చనిపోయి పుట్టిందని చెప్పకూడదు, రెండు రోజులు బతికి పోయిన బిడ్డలోనూ అది కనిపించదు. గీత మందాన్ని బట్టి కాన్పు కష్టమైందో తేలికైందో చెప్పొచ్చనే వాదన ఉంది. దాన్ని రిపోర్టులో రాయకపోవడమే మంచిది.

ఈ పద్ధతికి పైహద్దు జ్ఞానదంతం. దాని ఎనామెల్ 12 నుంచి 16 ఏళ్ళ మధ్య పూర్తవుతుంది. ఆ తర్వాత ఎనామెల్‌లో కొత్త గీత పడదు. నలభై ఏళ్ళ మనిషి పన్ను కోసి లెక్కపెడితే వాళ్ళ బాల్యం దొరుకుతుంది, వయసు దొరకదు. పెద్దవాళ్ళకు వేరు మీది సిమెంటం పొరలు, లేదా 1950లో గుస్తాఫ్‌సన్ చెప్పిన అరుగుదల, వేరు పారదర్శకత వంటి ఆరు గుర్తులు చూడాలి.

బతికున్న పిల్లల విషయంలో పన్ను పీకి కోయడం ఎవరూ చేయరు, చేయకూడదు. 2015 జువెనైల్ జస్టిస్ చట్టం సెక్షన్ 94 ప్రకారం వయసుకు మొదట బడి సర్టిఫికెట్ లేదా పదో తరగతి సర్టిఫికెట్, అది లేకపోతే మునిసిపాలిటీ, పంచాయతీ ఇచ్చిన జనన ధ్రువపత్రం, రెండూ లేనప్పుడే వైద్య పరీక్ష. ఆ పరీక్షలో పళ్ళ ఎక్స్-రే చూసి దశలు కడతారు. 1973 నాటి డెమిర్జియన్ పట్టికను నేరుగా వాడితే మన పిల్లల వయసు ఉన్నదానికంటే ఎక్కువ చూపించే ప్రమాదముంది, భారతీయ పిల్లలకు సవరించిన సూత్రాలు వాడాలి. పోక్సో కేసులో 18కి అటా ఇటా అన్నది ఆ అంకె మీద తేలేటప్పుడు ఈ జాగ్రత్త చిన్నది కాదు.

రిపోర్టులో ఒక్క అంకె రాసి సంతకం పెట్టొద్దు. ఏ పన్ను, ఎన్ని సెక్షన్లు, రెట్జియస్ అంకె ఎంత, అది ఎన్ని చోట్ల చూశారు, పుట్టుకగీతను ఏ కొనలో చూశారు, ఏ ముదురు గీతతో ఒక పన్ను నుంచి ఇంకో పన్నుకు దాటారు అన్నవన్నీ రాయాలి. మొదటి లెక్క తెలియని రెండో మనిషి చేత అదే స్లైడు మీద మళ్ళీ లెక్కపెట్టించి, ఆ రెండు అంకెలూ పక్కపక్కన పెట్టాలి. ఫొటోలు తీసిన చోట్లను స్లైడు పటం మీద గుర్తుపెట్టాలి. కోయని సగం పన్నును పొడి డబ్బాలో, కేసు నంబరుతో, సీలు వేసి ఉంచండి. అవతలి పక్షం నిపుణుడు మళ్ళీ లెక్కపెట్టాలని అడిగితే ఇవ్వాల్సింది దాన్నే.